ఆకు పసరు క్యాన్సర్ కణాన్ని చంపింది, సరే. ఎంత మోతాదులో?

‘ఫలానా ఆకుకు క్యాన్సర్‌ను అడ్డుకునే గుణం ఉందని పరిశోధనలో తేలింది’ అన్న వార్త ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఒకసారి సీతాఫలం ఆకు, ఒకసారి నేలవేము, ఇంకోసారి మునగ. వార్త అబద్ధం కాకపోవచ్చు. ప్రయోగం జరిగే ఉంటుంది, కణాలు చచ్చే ఉంటాయి, పరిశోధన పత్రం అచ్చయ్యే ఉంటుంది. కానీ ల్యాబ్ ప్లేటులో పెరిగే క్యాన్సర్ కణాన్ని చంపడం అంత కష్టమేమీ కాదు. ఉప్పు ఎక్కువైనా చస్తుంది, సబ్బు నీళ్ళు పోసినా చస్తుంది. ఎంత తక్కువ మోతాదుకు చచ్చింది, అదే మోతాదుకు మంచి కణం బతికిందా, ఆ మోతాదు మనిషి రక్తంలో నిలుస్తుందా అన్నవి తేలితేనే ఆ ఆకు గురించి ఏదైనా తెలిసినట్టు. వార్తల్లో సాధారణంగా లేనివి ఈ మూడే.

ఈ పరీక్షలన్నిటిలో నెగ్గి మందైన మొక్క ఒకటి మన పెరళ్ళలోనే ఉంది. అది బిళ్ళగన్నేరు. పుట్టిల్లు మడగాస్కర్ అయినా మన దగ్గర అది పరాయి మొక్కని ఎవరూ అనుకోరు. షుగర్ ఉన్నవాళ్ళు దాని ఆకు నమలడం, పువ్వులు కాచి తాగడం చాలా ఊళ్ళలో ఉంది. జమైకాలోనూ అదే వాడకం. 1952లో అక్కడి నుంచి ఒక వైద్యుడు కొన్ని ఆకులను కవర్లో పెట్టి కెనడా పంపాడు. అవి వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్ చేతికి చేరాయి. నోబుల్ వెతుకుతున్నది షుగర్ మందు కోసం. ఆకు సారాన్ని ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి చూస్తే చక్కెర తగ్గలేదు. సూదితో ఎక్కించి చూస్తే, చక్కెర సంగతి అటుంచి, వారం తిరక్కముందే ఎలుకలే చనిపోయాయి.

మామూలుగా అయితే కథ అక్కడ ముగిసేది. కానీ ఎలుకలు ఎందుకు చచ్చాయో నోబుల్ బృందం చూసింది. ఒంట్లో చీము గడ్డలు, రక్తమంతా బ్యాక్టీరియా. తెల్ల రక్తకణాలు పడిపోవడం వల్ల ఇన్ఫెక్షన్‌ను తట్టుకోలేకపోయాయి. అంటే ఆ సారంలో ఏదో ఒకటి ఎముక మజ్జలో చకచకా విభజన చెందే కణాలను ఆపేస్తోంది. అలా విభజన చెందడమే పనిగా పెట్టుకున్నవి ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కణాలు కూడా. నోబుల్, రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బీర్ కలిసి ఆ పదార్థాన్ని విడదీసి 1958లో ప్రకటించారు. అదే విన్‌బ్లాస్టిన్. దాదాపు అదే సమయంలో అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీ శాస్త్రవేత్త గోర్డన్ స్వోబోడా కూడా షుగర్ మందన్న పేరు విని ఇదే మొక్కను పరీక్షకు పెట్టాడు. ల్యుకేమియా సోకించిన ఎలుకలు ఆ సారంతో ఎక్కువ కాలం బతికాయి. విన్‌బ్లాస్టిన్‌కు 1961లో, దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లలకు వచ్చే ల్యుకేమియా చికిత్సలో విన్‌క్రిస్టిన్ నేటికీ తప్పనిసరి మందు.

ఈ కథను సంప్రదాయ వైద్యం గెలుపుగా చెప్పుకోవడం మామూలే. సగం నిజం. ఈ మొక్కలో ఏదో బలమైన గుణం ఉందన్న జాడ జనం వాడకం నుంచే దొరికింది. కానీ జనం చెప్పిన జబ్బు వేరు, దొరికిన మందు వేరు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు పెద్దగా ఏమీ చేయనిది నరంలోకి వెళ్ళగానే ప్రాణం తీసింది. నేడు ఆసుపత్రిలో విన్‌క్రిస్టిన్ మోతాదు శరీర వైశాల్యాన్ని బట్టి చదరపు మీటరుకు 1.4 మిల్లీగ్రాములు, ఒక విడతకు మొత్తం సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. దాటితే నరాలు దెబ్బతింటాయి. నరంలోకి ఎక్కించాల్సిన మందును పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే మనిషి దక్కడం దాదాపు అసాధ్యం. ఇంత సన్నటి గీత మీద నడిచే మందుకు బదులు పెరట్లో ఆకు కాచి తాగితే సరిపోతుందనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. ఆ కషాయంలో ఎంత మందు ఉందో, ఒంట్లోకి ఎంత వెళ్ళిందో కొలిచే దారీ లేదు.

బిళ్ళగన్నేరు కథ అందరికీ తెలుసు. దానికి సరిగ్గా ఎదురుగా నిలబెట్టదగ్గ ఇంకో మొక్క కథ మాత్రం తెలుగులో పెద్దగా వినపడదు. పాము కాటుకు వేరు అరగదీసి ఇస్తారని పేరున్న ఈశ్వరి తీగ అది. 1962లో అమెరికా శాస్త్రవేత్త మోరిస్ కప్చన్ బృందం ఈశ్వరి సారం ఎలుకల్లో కణితిని అణుస్తోందని గుర్తించి, అందుకు కారణమైన పదార్థాన్ని విడదీసింది. దాని పేరు అరిస్టొలోకిక్ ఆమ్లం. క్యాన్సర్ మందుల వేటలో అప్పట్లో అది మంచి వార్తే. రెండేళ్ళకు రోగుల మీద పరీక్షిస్తే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆ దారి మూసేశారు.

మూడు దశాబ్దాల తర్వాత బెల్జియంలో అదే ఆమ్లం ఇంకో రూపంలో బయటపడింది. బరువు తగ్గించే క్లినిక్‌లో ఇచ్చిన గుళికల్లో ఒక చైనా మూలికకు బదులు, పేరు దగ్గరగా ఉన్న ఈశ్వరి జాతి మూలిక కలిసింది. వందమందికి పైగా మూత్రపిండాలు పాడయ్యాయి. వాళ్ళలో 39 మందికి ముందు జాగ్రత్తగా మూత్రపిండాలు, మూత్రనాళాలు తీసి పరీక్షిస్తే 18 మందిలో క్యాన్సర్ కనిపించింది. ఆ వివరాలు 2000లో వెలువడ్డాయి. కణితిని అణిచిందని ఒకప్పుడు మెచ్చుకున్న పదార్థం ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం జాబితాలో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో ఉంది. ఇందులో వింతేమీ లేదు. డీఎన్‌ఏకు అతుక్కుని దాన్ని పాడుచేసే పదార్థం కొన్ని కణాలను చంపుతుంది, చావకుండా మిగిలిన కణాల్లో కొన్నిటిని క్యాన్సర్ దారి పట్టిస్తుంది. మొదటి పరీక్షలో కనిపించేది చంపడం ఒక్కటే. రెండోది బయటపడటానికి ఏళ్ళు పడుతుంది.

ఆ మొదటి పరీక్ష ఎలా జరుగుతుందో చూస్తే లోపాలు ఎక్కడ చొరబడతాయో తెలుస్తుంది. మొక్కను తెచ్చి ముందు వృక్షశాస్త్రవేత్తతో పోల్చించుకుంటారు. ఎండబెట్టిన నమూనా ఒకటి హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు దాచే చోట) నంబరు వేసి భద్రపరుస్తారు, రేపు ఎవరికైనా అనుమానం వస్తే తీసి చూడటానికి. తతంగంలా కనిపించినా బెల్జియంలో జరిగింది చూశాక దీన్ని తేలిగ్గా తీసుకోలేం. తర్వాత ఆకును నీడలో ఎండబెట్టి, పొడి చేసి, మిథనాల్‌లోనో ఇథనాల్‌లోనో నానబెట్టి, ద్రావకాన్ని ఆవిరి చేస్తారు. మిగిలిన జిగట ముద్దే సారం. వంద గ్రాముల పొడికి పది గ్రాములు వస్తే బాగానే వచ్చినట్టు. ఇక్కడే ఒక సంగతి జారిపోతుంది. అమ్మమ్మ చేసే కషాయం నీటితో కాచింది. ల్యాబ్‌లోది మిథనాల్‌తో తీసింది. నీటిలో కరిగేవి వేరు, ఆల్కహాల్‌లో కరిగేవి వేరు. మిథనాల్ సారం మీద వచ్చిన ఫలితాన్ని కషాయానికి అంటగట్టడం కుదరదు.

కణాల సంగతికి వస్తే, మన విశ్వవిద్యాలయాలకు ఇవి చాలావరకు పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి వస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హీలా, రొమ్ము క్యాన్సర్‌కు ఎంసీఎఫ్-7 బాగా వాడుకలో ఉన్నవి. హీలా కణాలు 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికా మహిళ కణితి నుంచి, ఆమెను అడగకుండా, తీసుకున్నవి. అవి ఎంత మొండివంటే, ల్యాబుల్లో ఇతర కణాల ప్లేట్లలోకి దూరి వాటి స్థానాన్ని ఆక్రమించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఫలానా అవయవం క్యాన్సర్ మీద పనిచేసిందని రాసిన పత్రం అసలు వేరే క్యాన్సర్ కణాల మీద చేసినదని తర్వాత తేలడం ఈ రంగంలో కొత్త కాదు.

కణాలను 96 గుంటల ప్లేటులో పెంచి, ఒక్కో గుంటలో ఒక్కో మోతాదు సారం వేసి, ఒకటి నుంచి మూడు రోజులు ఉంచుతారు. తర్వాత ఎంటీటీ అనే పసుపు రంగు వేస్తారు. బతికున్న కణం దాన్ని ఊదా రంగు స్ఫటికాలుగా మారుస్తుంది. ఎంత ఊదా రంగు వచ్చిందో యంత్రం కొలుస్తుంది. మందు వేయని గుంటతో పోలిస్తే రంగును సగానికి తగ్గించిన మోతాదును ఐసీ50 అంటారు. 1983 నుంచి వాడుకలో ఉన్న ఈ పద్ధతి చవక, త్వరగా అయిపోతుంది, పీజీ విద్యార్థి కూడా చేయగలడు. అందుకే ఇన్ని పత్రాలు వస్తున్నాయి.

అయితే ఎంటీటీ కొలిచేది కణం ఎంత చురుగ్గా పనిచేస్తోందన్నదాన్ని. చావును నేరుగా కొలవదు. కణం చావకుండా కాస్త మందగించినా రంగు తగ్గుతుంది. మొక్కల సారాలతో ఇంకో తలనొప్పి కూడా ఉంది. వాటిలోని పాలీఫినాల్స్ అనే రసాయనాలు కణాలతో పని లేకుండానే ఎంటీటీని ఊదా రంగుకు మార్చేయగలవు. కణాలే లేని గుంటలో సారాన్ని, రంగును మాత్రమే వేసి చూస్తే ఈ దొంగ లెక్క దొరికిపోతుంది. ఆ ఒక్క గుంట వివరం పత్రంలో ఉందా లేదా అన్నదాన్ని బట్టి మిగతా అంకెలను ఎంత నమ్మవచ్చో చెప్పొచ్చు. సారాన్ని కరిగించడానికి వాడే డీఎంఎస్‌ఓ ద్రావకం కూడా ఎక్కువైతే కణాలకు విషమే, కాబట్టి ద్రావకం ఒక్కటే వేసిన గుంట ఇంకొకటి ఉండాలి.

ఇక మోతాదు. మొదటి వడపోతలో ముడి సారానికి ఐసీ50 మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాముల లోపు ఉంటే ముందుకు తీసుకెళ్ళదగిందన్నది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పేరుతో చెలామణిలో ఉన్న కొలబద్ద, కొందరు 30 దాకా ఒప్పుకుంటారు. 200, 300 వచ్చినా ‘గణనీయమైన క్యాన్సర్ నిరోధక చర్య’ అని శీర్షిక పెట్టిన పత్రాలు మనకు కొదవ లేదు. అంత మోతాదులో వంటింట్లో ఉన్న చాలా దినుసులు కణాలను ఇబ్బంది పెడతాయి.

ఒక సారానికి ఐసీ50 మిల్లీలీటరుకు 80 మైక్రోగ్రాములు అనుకుందాం. పెద్దవాళ్ళ ఒంట్లో నీరు సుమారు 35 లీటర్లు. అందులో ఆ సాంద్రత రావాలంటే 2.8 గ్రాముల సారం కావాలి, పొడిలో పదో వంతే సారం కాబట్టి 28 గ్రాముల ఎండు ఆకు. లెక్క చూస్తే పెద్దగా అనిపించదు. చిక్కంతా ఆ తర్వాత ఉంది. మింగింది మింగినట్టు పేగు పీల్చుకోవాలి, కాలేయం ముట్టుకోకూడదు, మూత్రంలో పోకూడదు, ప్లేటులో ఉన్నట్టు రెండు రోజులపాటు అదే మోతాదులో నిలవాలి. ఒంట్లో అలా జరగదు.

ఎంత జరగదో పసుపు చూపించింది. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లు దేశమంతటికీ పసుపు పంపే ప్రాంతం కాబట్టి తెలుగువాళ్ళకు దీని మీద ఆశ కాస్త ఎక్కువే. పసుపులోని కర్‌క్యుమిన్ ప్లేటులో దాదాపు ప్రతి క్యాన్సర్ కణాన్నీ ఆపింది, సాధారణంగా 10 నుంచి 50 మైక్రోమోలార్ (లీటరులో ఎన్ని అణువులున్నాయో చెప్పే కొలత) సాంద్రతలో. 2001లో తైవాన్‌లో మనుషులకు రోజుకు 8 గ్రాముల దాకా శుద్ధమైన కర్‌క్యుమిన్ ఇచ్చి రక్తంలో కొలిచారు. మామూలు పసుపు పొడిలో అది నూటికి మూడు పాళ్ళే కాబట్టి, ఆ 8 గ్రాములకు పావు కిలో దాటిన పసుపు పొడి కావాలి. మొత్తం ఒంటికి పట్టి ఉంటే, పై 35 లీటర్ల లెక్కన, 600 మైక్రోమోలార్ పైనే రావాలి. గరిష్ఠంగా వచ్చిన సగటు 1.77. పేగు సరిగ్గా పీల్చుకోదు, పీల్చుకున్నదాన్ని కాలేయం వెంటనే మార్చి బయటకు పంపుతుంది. పైగా కర్‌క్యుమిన్ అణువు పరీక్షలనే తికమక పెట్టే రకం. తానే వెలుగునిస్తుంది, నీటిలో విడిపోతుంది, కనిపించిన ప్రోటీన్‌కల్లా అంటుకుంటుంది. అందుకే ఏ పరీక్ష పెట్టినా ‘పనిచేసింది’ అనే వస్తుంది. 120కి పైగా మనుషుల మీది పరీక్షల తర్వాత కూడా ప్లాసిబోతో (ఉత్తుత్తి మందుతో) పోల్చిన, డబుల్ బ్లైండ్ (ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలియని) పరీక్షలో ఇది గెలిచిన దాఖలా లేదని 2017లో రసాయన శాస్త్రవేత్తల సమీక్ష ఒకటి తేల్చింది. మరి విన్‌క్రిస్టిన్? మైక్రోమోలార్‌లో వెయ్యో వంతైన నానోమోలార్ స్థాయిలోనే కణ విభజనను ఆపేస్తుంది.

మంచి కణాలతో పోల్చడం ఇంకో అడుగు. క్యాన్సర్ కణానికీ మామూలు కణానికీ ఐసీ50లో ఎన్నిరెట్ల తేడా ఉందో చూడాలి. చాలా పత్రాల్లో మామూలు కణంగా హెచ్‌ఈకే-293ని పెడతారు. అది మూత్రపిండం నుంచి వచ్చినా, వైరస్ జన్యువులతో మార్చేసిన కణం. దాన్ని మామూలు కణమని పిలవడం మొహమాటం లేకుండా చెప్పాలంటే తప్పు.

ఇవన్నీ దాటిన సారాన్ని ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్కలో గుణం ఉందో మళ్ళీ కణాల మీద చూసి, దాన్ని ఇంకా విడగొట్టి, చివరికి ఒక్క అణువు దాకా వెళ్తారు. ఓపిక పరీక్షించే పని ఇది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960 నుంచి 1982 దాకా దాదాపు 35,000 మొక్కల నమూనాల నుంచి 1,14,000 సారాలను పరీక్షించింది. అందులోంచి చెప్పుకోదగ్గ మందులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పసిఫిక్ యూ చెట్టు బెరడును 1962లో సేకరించారు. మన్రో వాల్, మన్సుఖ్ వాని అనే శాస్త్రవేత్తలు అందులోని అణువు నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. అది కణాన్ని ఎలా ఆపుతుందో 1979లో సూసన్ హార్విట్జ్ తేల్చారు. పాక్లిటాక్సెల్ పేరుతో మందుగా అనుమతి వచ్చింది 1992 చివర్లో. ముప్పై ఏళ్ళు. అదే ఇద్దరు 1966లో చైనా చెట్టు నుంచి తీసిన కాంప్టోథెసిన్ ఇంకా విచిత్రం. రోగులకు ఇస్తే మూత్రాశయం నుంచి రక్తం పడి పరీక్షలు ఆగిపోయాయి. అణువును మార్చి తయారుచేసిన టోపోటెకాన్, ఐరినోటెకాన్‌లకు 1996లో అనుమతి దొరికింది. మన పశ్చిమ కనుమల్లో కూడా కాంప్టోథెసిన్ ఉన్న చెట్టు ఒకటి దొరికింది. ఆ దొరకడమే దాని ప్రాణం మీదికి తెచ్చింది, విపరీతంగా కొట్టేశారు.

మన దగ్గర మాత్రం పని ప్లేటు దగ్గరే ఆగిపోతుంది. తప్పంతా విద్యార్థులది కాదు. పీహెచ్‌డీకి పత్రాలు కావాలి, ఎంటీటీ కిట్‌కు డబ్బు దొరుకుతుంది, ఎలుకల ప్రయోగాలకు నైతిక కమిటీ అనుమతి, ఏళ్ళ సమయం కావాలి. దాంతో ఒక మొక్క అయ్యాక ఇంకో మొక్క. ఈమధ్య కంప్యూటర్‌లో డాకింగ్ (అణువు ప్రోటీన్‌లో ఎలా ఇముడుతుందో లెక్కకట్టడం) చేసి ‘ఈ అణువు ఆ ప్రోటీన్‌కు బాగా అతుక్కుంటుంది’ అని తేల్చేయడం కూడా మొదలైంది, దానికి ప్లేటు కూడా అక్కర్లేదు. పదేళ్ళపాటు ఒకే మొక్క మీద కూర్చునే బృందానికి ప్రోత్సాహం ఇచ్చే ఏర్పాటు ఉంటే ఈ పరిస్థితి మారుతుంది. 2015లో కేంద్రం తెచ్చిన ఫైటోఫార్మాస్యూటికల్ (మొక్కల సారంతో చేసే మందుల) నిబంధనలు అందుకు ఒక దారి తెరిచాయి. ఒక్క అణువు దాకా వెళ్ళనక్కర్లేకుండా, కనీసం నాలుగు గుర్తించిన పదార్థాలను కొలిచి చూపగలిగిన శుద్ధి చేసిన సారాన్ని కూడా మందుగా పరీక్షకు పెట్టొచ్చు. మందు కాబట్టి మనుషుల మీద పరీక్షలు మాత్రం తప్పవు.

ఆ పరీక్షలు ఎందుకు తప్పవో అమెరికాలో లెట్రైల్ చూపించింది. ఆప్రికాట్ గింజల నుంచి తీసే ఈ పదార్థాన్ని డెబ్భైల్లో వేలమంది క్యాన్సర్ మందుగా వాడారు, కోర్టులకు కూడా ఎక్కారు. చివరికి 178 మంది రోగులకు ఇచ్చి చూసి, కణితులు తగ్గలేదని, కొందరి రక్తంలో సయనైడ్ ప్రమాదకర స్థాయికి చేరిందని 1982లో ప్రకటించారు. మనకు 1954 నాటి చట్టం క్యాన్సర్ నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించింది. ఫోన్లలో తిరిగే వీడియోలకు ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఇంట్లో క్యాన్సర్ రోగి ఉన్నవాళ్ళకు ఇది చర్చ కాదు, రోజూ ఉండే టెన్షన్. ఆకు పసరు ‘ఎలాగూ హాని చేయదు కదా’ అని కీమోతో పాటు ఇచ్చేవాళ్ళు చాలామంది. యూరప్‌లో దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలికను ఐరినోటెకాన్‌తో కలిపి ఇచ్చి నెదర్లాండ్స్‌లో 2002లో కొలిచారు. కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైమ్‌లు ఉరకలెత్తి, రక్తంలో అసలు పనిచేసే మందు 42 శాతం తగ్గిపోయింది. రోగికి పైకి ఏమీ తెలియదు, కీమో మాత్రం సగం పోయినట్టే. విన్‌క్రిస్టిన్‌ను విరగ్గొట్టేది కూడా ఆ కుటుంబానికి చెందిన ఎంజైమే. దాన్ని అడ్డుకునే ఫంగస్ మందులు కలిసినప్పుడు విన్‌క్రిస్టిన్ ఒంట్లో పేరుకుని పిల్లల నరాలు దెబ్బతిన్న సందర్భాలు వైద్యులకు బాగా తెలుసు. కాబట్టి వాడుతున్న కషాయం, పొడి, గుళిక ఏదైనా దాని సీసాతో సహా ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ వైద్యుడికి) చూపించాలి. తిడతారేమోనని దాచితే మోతాదు లెక్క తప్పేది అక్కడే.